ప్రసాదు బండి ఫిల్టరు

గురుబరపల్లి
20-5-2001

బామర్ది ఆంజప్పకు,

బండి వచ్చేసింది ఆంజప్పా. మన ప్రసాదు బండి, డీజిల్ పికప్పు, ఇంటి ముందర నిలబడి ఉంది. నేను దాని పక్కనే మంచం వేసుకుని ఒక చేయి దాని మీద పెట్టి ఇంకో చేత్తో ఈ ఉత్తరం రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్ బండే, కాదనను. అయినా రంగు చూస్తే పెండ్లికొడుకు మాదిరి ఉంది. పొద్దున్నుంచి ఊరంతా వచ్చి చూసి పోతున్నారు. మీ అక్క తాయారమ్మ అందరికీ కాఫీలు పెట్టి పెట్టి, ఇక పాలు లేవు, బండిని చూసి అట్లే పొండి అంటోంది.

దీనికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాడికి లైను ఇచ్చారు. బెంగళూరా రకం కాయ దిగడం మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా మన వైపు తోపుల కాయంతా వాడి బండిలోనే పోవాలి. సీజనంతా లోడు తప్పకుండా తెస్తే వచ్చే ఏడు కూడా లైను నీదే అని సూపర్వైజరు చెప్పాడు.

పోయిన ఏడు కోలారులో మన పెద్దావిడ చిక్కమ్మ ఎదురుగా నువ్వేమన్నావో గుర్తుందా. "బావా, నీ కొడుకు ఒక లైను పట్టి ఒక సీజను నిలబడి చూపించనీ, నా కూతురు భువనను ఇస్తాను" అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు. చిక్కమ్మ కూడా మరిచిపోలేదు, మొన్న పెండ్లిలో కనపడి నన్నే అడిగింది.

ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. బండి నల్లగా పొగ వదులుతోంది, మిట్ట ఎక్కమంటే ముక్కుతోంది. సూళగిరి మెకానిక్ బైరప్ప బానెట్ లేపి ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి, "ఏమప్పా, దీంట్లో పిచ్చుకలు గూడు కట్టినాయా" అని నవ్వాడు. అది మార్చాలట. కంపెనీ ఫిల్టరు కృష్ణగిరిలో దొరకలేదు. తెప్పించాలంటే నెల పడుతుందన్నారు, అప్పటికి కాయ సగం అయిపోతుంది. స్పేర్ పార్టుల అంగడి పెట్టుకున్న బామర్ది హోసూరులో ఉండగా నాకేమి భయం? వేరే కంపెనీదైనా సరే, మంచిది చూసి పంపు. కొలత చెబుతాను. ఎత్తు నా జేనకు ఒక జేన. లావు మీ అక్క నీళ్ళు తాగే రాగి చెంబు అంత.

నీ బావ
నాగేశప్ప


హోసూరు
24-5-2001

బావకు ఆంజప్ప నమస్కారాలు.

బండి వచ్చినందుకు సంతోషం. చెంబు కొలతతో ఫిల్టరు అడిగినవాడు మా అంగడి తెరిచినప్పటి నుంచి నువ్వొక్కడివే. అక్క చెంబు ఎంత లావో ఇక్కడ కూర్చున్న నాకు ఎట్లా తెలుస్తుంది? ఆ పాత ఫిల్టరు పక్కనే నంబరు అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూసి రాయడానికి నీకు చేయి ఖాళీ లేదు, బండి మీద పెట్టుకున్నావు.

అదృష్టం కొద్దీ బండి మోడలూ ఫిల్టరు నంబరూ భువన ఒక చీటీలో ముందే రాసి పెట్టుకుంది. నీ ఉత్తరంలో లేని నంబరు దానికి ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. నువ్వూ అడగవద్దు.

నా దగ్గర మూడు రకాలు ఉన్నాయి. ఒకటి పేరూ ఊరూ లేని కాయితం ఫిల్టరు. వెలుతురుకు పట్టి చూస్తే మడతల మధ్య సూది బెజ్జాలు కనిపిస్తాయి. అంచు రబ్బరు బొటనవేలితో నొక్కితే మళ్ళీ పైకి లేవదు. అది వేసుకుంటే దుమ్ము నేరుగా ఇంజినులోకి పోతుంది. రెండోది గుడ్డ ఫిల్టరు, కడిగి నూనె పట్టించి మళ్ళీ వాడుకోవచ్చు. కానీ నూనె ఎంత పట్టించాలో తెలిసినవాడు వాడాలి. మీ ఇంట్లో ఎవరికి ఏది దొరికితే అది పోస్తారు కాబట్టి అది మీకు ఇవ్వను. మూడోది కాయితందే, మడతలు దగ్గర దగ్గరగా ఉన్నవి, రబ్బరు మెత్తగా ఉన్నది. కంపెనీది కాకపోయినా దానికి తీసిపోదు. క్వారీల్లో తిరిగే లారీలకు ఇదే రకం ఇస్తున్నాను, ఇంతవరకు ఒక్కడూ వెనక్కి తేలేదు. అదే పంపుతున్నాను. బస్సు కండక్టరు మురుగన్ చేతికి ఇచ్చాను, నీ ఊరి స్టాపులో నిలబడి తీసుకో.

బిగించేటప్పుడు జాగ్రత్త. ఫిల్టరు అంటే బండికి ముక్కు అనుకో. అది పీల్చే గాలి బాగుంటేనే దానికి బలం. నువ్వు ముక్కు మూసుకుని కృష్ణగిరి కొండ ఎక్కి చూడు, అప్పుడు తెలుస్తుంది.

కోలారులో అన్న మాట గుర్తుంది. ఒక సీజను నిలబడాలి అన్నాను. సీజను ఇంకా మొదలు కాలేదు.

ఫోను చేయవద్దు. అంగట్లో జనం నిలబడి ఉంటారు, నువ్వు మొదలుపెడితే ఆపవు.

ఆంజప్ప


గురుబరపల్లి
14-6-2001

బామర్ది ఆంజప్పకు,

నువ్వు పంపిన ఫిల్టరు వేసిన రోజు చూడాల్సింది. బండి కాదు, గుర్రం. ప్రసాదు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సూళగిరి దాకా పోయి వచ్చాడు. మిట్ట ఎక్కేటప్పుడు ముందున్న లారీని దాటేశాడు. నేను కిటికీలోంచి ఆ లారీవాడికి చేయి ఊపాను, వాడు తిట్టాడు. నాకు కోపం రాలేదు, అంత సంతోషంగా ఉన్నాను. ముక్కు అన్నావు చూడు, ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఇంతవరకు నాకు ఎవరూ ఇట్లా తెలిసేటట్టు చెప్పలేదు. అప్పటి నుంచి బండిని ఇంకా బాగా చూసుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, కోపం తెచ్చుకోవద్దు. మళ్ళీ నల్ల పొగ. కాయ దిగడం మొదలైంది, లోడు నిండుగా ఉంది, మిట్ట మీద మళ్ళీ ముక్కుతోంది. బైరప్ప తీసి చూసి, "నీ బామర్ది నీకు పాత సరకు అంటగట్టినాడప్పా" అన్నాడు. నేను వాడితో, "మా ఆంజప్ప అట్లాంటివాడు కాదు, నోరు మూసుకో" అన్నాను. అన్నాను కానీ ఆంజప్పా, నిజం చెప్పు, అంగట్లో చాలా రోజులుగా మూల పడి ఉన్నది తీసి ఇవ్వలేదు కదా? నీకు మనసులో ఏదైనా ఉంటే నేరుగా చెప్పు. ఫిల్టరు ద్వారా చెప్పవద్దు.

ప్రసాదును అడిగితే, "రోడ్డు దుమ్ము నాయనా" అంటాడు. అంతే.

వెంటనే ఇంకోటి పంపు.

నీ బావ
నాగేశప్ప


హోసూరు
17-6-2001

బావకు,

ఫిల్టరు ద్వారా చెప్పేవాణ్ణి కాదు నేను. చెప్పాలంటే నోటితోనే చెబుతాను.

ఆ ఫిల్టరు సీజనంతా రావాలి. క్వారీ లారీల్లో వస్తోంది, రాళ్ళు పగలగొట్టే చోట వస్తోంది. మామిడికాయలు మోసే బండిలో నెల కూడా రాలేదంటే నాకు ఒళ్ళు మండుతోంది. తోపు దారిలో దుమ్ము ఎక్కువైతే వారానికోసారి బయటికి తీసి, నేల మీద మెల్లగా తట్టి మళ్ళీ పెట్టుకోవాలి. నీళ్ళతో కడగకూడదు. చీపురుతో కొట్టకూడదు. బండి కొన్నవాడికి ఇది కూడా నేను ఉత్తరం రాసి చెప్పాలా? నీ కొడుకు రోడ్డు దుమ్ము అని ఊరుకున్నాడా? ఇంజిను గురించి అడిగితే ఒక్క మాటతో సరిపెట్టేవాడి చేతిలో లైను ఎన్నాళ్ళు ఉంటుంది?

ఇంకోటి పంపుతున్నాను. ఇది కొత్త పెట్టె తెరిచి తీసింది. భువన ఎదురుగా తీశాను, సాక్ష్యం కావాలంటే దాన్ని అడుగు. ఇంతకంటే మంచిది ఈ హోసూరులో ఎవడి దగ్గరా లేదు.

ఇంకొక సంగతి నీకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు. మా ఇంటావిడ తరఫు వాళ్ళు ఒక సంబంధం తెచ్చారు. అబ్బాయి పేరు ఉదయ్ కుమార్, బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆషాఢం పోగానే వచ్చి చూస్తామంటున్నారు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. నీకు ఇచ్చిన మాట ఉంది కాబట్టే చెప్పలేదు. కానీ ఆ మాటకు సీజను అనే షరతు ఉంది. లైను పోతే నేను వాళ్ళను రమ్మంటాను. అప్పుడు నన్ను నిష్ఠూరమాడవద్దు.

ఆంజప్ప


గురుబరపల్లి
30-6-2001

బామర్ది ఆంజప్పకు,

నీ ఉత్తరం చదివి మీ అక్క అన్నం తినలేదు. బెంగళూరు సంబంధం సంగతి ఆమెకు చదివి వినిపించకుండా ఉండాల్సింది. అయితే నాకు ఉత్తరం మెల్లగా చదవడం రాదు. అరుపు లాగా చదివాను, వినిపించింది.

నువ్వు పంపిన రెండో ఫిల్టరు కూడా పోయింది. కొత్త పెట్టెలో తీసిందే, సాక్ష్యం ఉన్నదే, అయినా పోయింది. మంగళవారం నాడు నిండు లోడుతో బండి మిట్ట మధ్యలో నిలిచిపోయింది. ఎండలో కాయ అట్లే ఉండిపోయింది. వేరే బండి తెచ్చి మార్చి పంపేసరికి ఫ్యాక్టరీలో ఆ రోజు తీసుకోవడం అయిపోయింది. సూపర్వైజరు ఏమన్నాడో తెలుసా? "ఇంకొక్కసారి ఇట్లా చేసినావంటే లైను ఇంకొకనికి పోతుంది, చూసుకో" అన్నాడు. ప్రసాదు తల వంచుకుని, "సరే సార్" అన్నాడట. అంతకంటే ఒక్క మాట రాలేదు. వీడికి నోరు ఎవరి పోలిక వచ్చిందో నాకు తెలియడం లేదు, నాది కాదు.

బైరప్ప, "ఫిల్టరే లేకుండా తోలప్పా, బాగా పోతాది" అన్నాడు. ఆ మాట నీకు చెబితే నువ్వు హోసూరు నుంచి నడిచి వచ్చి వాణ్ణి కొడతావని వద్దన్నాను. దుమ్ము పోయి ఇంజినును లోపల లోపలే గీసేస్తుందని నాకూ తెలుసు.

చేసేది లేక కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకు పోయాను. ఎద్దుల తాళ్ళు అమ్మే చోట పక్కనే ఒకడు గోనెసంచి పరిచి బండి సామాన్లు పెట్టుకున్నాడు. వాడి దగ్గర స్పంజి ఫిల్టరు దొరికింది. "ఏ బండికైనా పడతాది పెద్దాయనా, వత్తుకుంటే చిన్నదవుతాది, వదిలితే పెద్దదవుతాది" అన్నాడు. అది మన పెట్టెలో నిలవలేదు. చుట్టూ సైకిలు ట్యూబు కట్టి నిలబెట్టాము. ఇప్పుడు బండి దాంతో నడుస్తోంది. ఎంతకాలమో తెలియదు.

నువ్వు పంపిన రెండు ఫిల్టర్లూ మురుగన్ బస్సులో తిరిగి పంపుతున్నాను. తీసి చూడు. నీ సరకు ఎట్లాంటిదో నువ్వే కళ్ళారా చూడు.

నాగేశప్ప


హోసూరు
3-7-2001

బావకు,

స్పంజి. సైకిలు ట్యూబు. ఈ రెండు మాటలు చదివి నేను అంగడి షట్టరు దించేసి కాసేపు లోపల కూర్చున్నాను. అది ఫిల్టరు కాదు బావా, గిన్నెలు తోముకునేది. ఈ ఉత్తరం అందిన వెంటనే దాన్ని తీసి పారేయి. ఈ బస్సులోనే ఇంకో ఫిల్టరు పంపుతున్నాను, ఎందుకు పంపుతున్నానో నాకే తెలియదు.

నువ్వు తిరిగి పంపిన వాటి సంగతి. నేను కాయితం పరిచి మొదటిదాన్ని తట్టాను. రోడ్డు దుమ్ము ఎర్రగా ఉంటుంది, మీ వైపు మట్టి నాకు తెలియనిది కాదు. ఇందులోంచి తెల్లగా మెత్తగా బూడిద రాలింది. మడతలు ఒకదానికొకటి జిగురు వేసినట్టు అంటుకుపోయి ఉన్నాయి. రెండోది కూడా అంతే. ఇన్నేళ్ళుగా ఇట్లాంటి ఫిల్టరు నేను చూడలేదు. పక్క అంగడివాణ్ణి పిలిచి చూపించాను. వాడూ తల గోక్కున్నాడు. మీ దారిలో ఇటుకబట్టీ ఏదైనా పెట్టారా?

భువన ఏదో రాస్తానంటోంది. కింద చోటు వదిలాను.

ఆంజప్ప

మామా, నేను భువనను. నాయన తల గోక్కుంటూ ఉంటే నేను ఆ ఫిల్టరు తీసుకుని వాసన చూశాను. మామా, మీ ఇంట్లో శుక్రవారం పూజ చేసినప్పుడు వచ్చే వాసన వచ్చింది. సాంబ్రాణి. ఆ బూడిదను వేలితో తీసి చూస్తే విభూతి. శుక్రవారాల్లో బండికి ఏం చేస్తున్నావో దాచకుండా రాయి. నాయన తిట్టకుండా నేను చూసుకుంటాను.


గురుబరపల్లి
6-7-2001

బామర్ది ఆంజప్పకు, అమ్మాయి భువనకు,

దాచడానికి ఏముంది? అందరూ చూస్తుండగానే చేశాను. మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ముక్కు అని రాసింది ఎవరు ఆంజప్పా? నేనా, నువ్వా? పుట్టిన బిడ్డకు తలంటి పోస్తే సాంబ్రాణి పొగ చూపిస్తాము, జలుబు పట్టకుండా ఉండాలని. దూడ దగ్గితే కొట్టంలో పొగ వేస్తాము. బండికి ముక్కు అదీ, దాని బలమంతా అది పీల్చే గాలిలోనే ఉంది అని నువ్వే రాశావు. మరి నేనేం చేయాలి? శుక్రవారం శుక్రవారం ప్రసాదును ఇంజిను ఆన్ చేసి పెట్టమని, బానెట్ లేపించి, ఆ గాలి పీల్చే గొట్టం నోటి దగ్గర ధూపం పట్టుకుని నిలబడ్డాను. ఆంజప్పా, అది ఎట్లా పీల్చిందని రాయను. ఒక్క పోగు పొగ కూడా పక్కకు పోలేదు. పొగంతా నేరుగా లోపలికే పోయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత ఇష్టంగా పీల్చుతోంది, దేవతే స్వీకరిస్తోంది అనుకున్నాను. తరువాత రెండు చిటికెల విభూతి కూడా పెట్టాను. అదీ పీల్చేసింది. రెండు చిటికెలు అంటే, సరే, ఒక గుప్పెడు అనుకో.

ఇప్పుడు నువ్వు తిట్టుకో. కానీ మానమంటే మానలేను. ఎందుకంటే అది మొక్కు. భువనకూ ప్రసాదుకూ మాట ఖాయమయ్యేదాకా ప్రతి శుక్రవారం బండికి సాంబ్రాణి వేస్తానని మారెమ్మకు మొక్కుకున్నాను. మొక్కు ఆపితే పెండ్లి ఆగుతుంది. ఆపకపోతే బండి ఆగుతుంది. నేను ఎటు పోవాలి? మొన్నటి నుంచి తిండి సయించడం లేదు. మీ అక్క, "ఇంగ ఆ బండిని వదిలి నాకు వేయి సాంబ్రాణి, నేనన్నా కదులుతా" అంటోంది.

ఇంకో సంగతి రాయకుండా ఉండాలనుకున్నాను. రాయక తప్పదు. నువ్వు పంపిన కొత్త ఫిల్టరు బస్సులో రాకముందే స్పంజి చినిగి లోపలికి పోయి నిన్న బండి మళ్ళీ నిలిచింది. రెండో లోడు తప్పింది. సూపర్వైజరు సెలవులో ఉన్నాడట, వచ్చాక ఏమంటాడో.

నాగేశప్ప


హోసూరు
8-7-2001

మామకు భువన నమస్కారాలు.

నాయన ఉత్తరం రాయనన్నారు. కోపమా నవ్వా అని నేను అడగలేదు. అంగడి వెనక్కి పోయి చాలాసేపు నిలబడ్డారు. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నారు, కాబట్టి నవ్వే అనుకుంటున్నాను. బయటికి మాత్రం నిన్ను తిడుతున్నారు.

మామా, మొక్కు మానవద్దు. తిరిగి పంపిన రెండింట్లో ఒక ఫిల్టరు ఈ పార్సెల్లో పెట్టాను. అది బండి లోపల ఉండి వచ్చిందే, బండి ముక్కే కదా. దాన్ని పూజ పలక మీద పెట్టుకుని శుక్రవారం ఎంత కావాలంటే అంత సాంబ్రాణి వేసుకో, విభూతి పెట్టుకో, పూలు కూడా పెట్టుకో. మారెమ్మకు లెక్క సరిపోతుంది. బండి దగ్గరికి మాత్రం ధూపం తీసుకుపోవద్దు. నా మీద ఒట్టు.

అత్తకు చెప్పు, అన్నం తినమని. నాయన వచ్చే వారం లోడుతో పాటు బండిలో కూర్చుని చూస్తానని అంటున్నారు. "నా ఎదురుగా ఆ కొత్త ఫిల్టరు బిగిస్తేనే నాకు నిద్ర పడుతుంది" అన్నారు. ఆయన వచ్చినప్పుడు నువ్వు తక్కువ మాట్లాడు మామా. ఆయన్ను కూడా తక్కువ మాట్లాడమని ఈడ చెప్పి పంపుతాను.

భువన


హోసూరు
18-7-2001

బావకు,

మీ ఇంట్లో ఉన్నప్పుడే ఈ మాట చెప్పి ఉండవచ్చు. నీ ఎదురుగా చెబితే నువ్వు వీధిలోకి పరుగెత్తుతావు, నాకు బస్సు దొరకదు. అందుకే ఇంటికి వచ్చి రాస్తున్నాను.

ఫిల్టరు నా చేతులతో బిగించాను, దాని గురించి ఇక మాట్లాడను. నీ పూజ పలక మీద ఫిల్టరుకు బంతిపూల దండ వేసి ఉండడం చూశాను, దాని గురించి కూడా మాట్లాడను.

లోడు తీసుకుని ప్రసాదూ నేనూ ఫ్యాక్టరీకి పోయాము. బండి మిట్ట ఎక్కిన తీరుకు నాకే ముచ్చటేసింది. కానీ గేటు దగ్గర సూపర్వైజరు అందరి ముందరా నీ కొడుకును పట్టుకున్నాడు. "ఏం డ్రైవరువయ్యా నువ్వు, రెండుసార్లు కాయ ఎండబెట్టినావు, నీకు బండి చూసుకోవడం రాదా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వీడు ఇప్పుడు చెబుతాడు, మా నాయన ఇట్లా చేశాడు, మా మామ ఫిల్టరు ఇట్లా పోయింది అని ఏదో ఒకటి చెబుతాడు అనుకున్నాను. వాడు, "తప్పు నాదే సార్, నాకే చూసుకోవడం రాలేదు" అన్నాడు. అంతే. ఈ లోడుతో నీ లైను అయిపోయింది, రేపటి నుంచి వేరే బండి వస్తుంది అన్నాడు సూపర్వైజరు. వాడు దానికీ తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగాను.

"నీకు తెలుసు గదప్పా, సాంబ్రాణి సంగతి?"

"తెలుసు మామా. మొదటి శుక్రవారమే తెలుసు. శనివారం శనివారం తీసి తట్టినాను. అది జిగురు మామా, పోలేదు."

"మరి మీ నాయనకు చెప్పలేదేమి?"

"గురువారం సాయంత్రమే బొగ్గులు ఏరిపెట్టుకుంటాడు మామా. శుక్రవారం నాకంటే ముందు లేచి పంచె మార్చుకుని నిలబడతాడు. ఆ పొగ లోపలికి పోయేటప్పుడు ఆయన ముఖం నువ్వు చూడలేదు. నేను చూసినాను. ఇంగేం చెప్పేది?"

"లైను పోతే భువన సంగతి ఏమవుతుందో తెలుసా నీకు?"

వాడు ముందు బండిని మిట్ట దించాడు. తరువాత, "తెలుసు మామా. మా ఇంటికి పిల్లను ఇచ్చేవాడికి నాయనను తప్పుపట్టి చూపించి పిల్లను అడిగేదెట్లా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రెండు లోడ్లు పోగొట్టుకున్నాడు, లైను పోగొట్టుకున్నాడు, పెండ్లి కూడా పోగొట్టుకోబోయాడు, ఒక్క మాటతో అన్నీ సరిపోయేవి. ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. ఇది మంచితనమో మొద్దుతనమో నాకు తేలలేదు. ఇంటికి వచ్చి భువనను అడిగాను. అది బిల్లు రాస్తూ తల ఎత్తకుండానే, "రెండూ నాయనా. ఆయనకు లేని నోరు నాకుంది, నేను చూసుకుంటా" అంది. అంతకుముందే అది సూళగిరి కొత్తిమీర మండీవాళ్ళతో మాట్లాడి పెట్టింది, హోసూరు మార్కెట్టుకు తెల్లవారేసరికి కట్టలు చేర్చే బండి కావాలట. నన్ను అడగలేదు. నాకు చెప్పింది, అంతే.

బావా, నేను పెట్టిన షరతు ప్రకారం నీ కొడుకు ఓడిపోయాడు. సీజను నిలబడలేదు. బెంగళూరు వాళ్ళ అబ్బాయి మంచివాడే, అయితే ముసలితనంలో నేను ఏదైనా పిచ్చి పని చేస్తే అతను అందరి ముందర తప్పు తనది అంటాడో లేదో నాకు తెలియదు. నీ కొడుకు అంటాడని తెలిసింది. బెంగళూరు వాళ్ళకు రావద్దని కబురు పంపాను.

శ్రావణంలో వచ్చి తాంబూలాలు పుచ్చుకోండి. సాంబ్రాణి తేవద్దు.

ఆంజప్ప


గురుబరపల్లి బస్ స్టాపు
20-7-2001

ఆంజప్పా, నా బామర్దీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. మురుగన్ బస్సులోంచి చేతికి ఇచ్చాడు, స్టాపులోనే నిలబడి చదివాను, చదివినంతసేపూ బస్సు కదలనివ్వలేదు. టీ కొట్టులో కాయితం అడిగి తీసుకుని బస్సు మెట్టు మీదే కూర్చుని రాస్తున్నాను. బస్సులో వాళ్ళు, "ఏందప్పా ఇది, మాకు పనులు లేవా" అని అరుస్తున్నారు. "మా కోడలు వస్తాంది, కాసేపు ఉండండప్పా" అన్నాను. ఒకామె నవ్వింది, మిగతావాళ్ళు తిడుతున్నారు. తిట్టనీ.

వాడు మొదటి శుక్రవారమే తెలుసన్నాడా? నా కొడుకు అట్లా అన్నాడా? నాకేమీ చెప్పలేదు చూడు. ఇంటికి పోయి వాణ్ణి నాలుగు తిట్టాలి, ఆ తరువాత ఏం చేస్తానో నాకే తెలియదు. నా వల్ల లైను పోయింది అని ఒక పక్క సిగ్గుగా ఉంది, ఇంకో పక్క నేల మీద కాళ్ళు నిలవడం లేదు. కొత్తిమీర అయితే ఇంకా మంచిది ఆంజప్పా, తేలిక సరకు, బండికి మిట్ట తెలియదు. అమ్మాయిని ఎక్కువ పని చేయనివ్వవద్దు, పెండ్లిపిల్ల.

ఎవరెవరికి చెప్పాలో రాస్తున్నాను, సగం నీ వంతు. కోలారులో చిక్కమ్మకు మొదట చెప్పు, మాట ఆమె ఎదురుగా పుట్టింది, ఇంకొకరి తరువాత తెలిస్తే పెండ్లికి రాదు. ఆమెకు వినపడదు, ఫోనులో కాదు, మనిషిని పంపు. మీ ఇంటావిడ అన్నదమ్ములకు నువ్వే మెల్లగా చెప్పుకో, వాళ్ళ సంబంధం కాదనుకున్నాము కాబట్టి ముఖం చిన్నబుచ్చుకుంటారు. వేపనపల్లిలో మా పెద్దన్నకు నేను చెబుతాను, చెప్పకముందే నాకు తెలుసు అంటాడు, అననీ. బర్గూరులో మా చెల్లెలికి చెప్పాలి, ఆమె తన కూతురిని ప్రసాదుకు అనుకుంది, ఆమెకు తాయారమ్మ చెబితే బాగుంటుంది, నేను చెబితే గొడవ అవుతుంది. కుప్పంలో మీ చిన్నాన్న కొడుకులకు, ఇద్దరికీ ఒకే రోజు, ఒకరికి ముందు తెలిస్తే ఇంకొకరు రారు. డెంకణికోటలో భువన అమ్మమ్మకు, ఆమెకు నువ్వు స్వయంగా పోయి కాళ్ళకు మొక్కి చెప్పాలి. రాయకోటలో మా మేనత్త మంచం మీద ఉంది, ఆమెకు ఆలస్యం చేయకూడదు, ప్రసాదునే పంపుతాను.

మురుగన్ విజిలు వేస్తున్నాడు. మీ అక్కకు ఇంకా తెలియదు. దూరంగా ఇంటి గడప మీద నిలబడి, నేను ఇంతసేపు బస్సు మెట్టు మీద ఏం చేస్తున్నానో అని చేయి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెకు నేను చెబుతాను. ఇదిగో పోతున్నాను.

నాగేశప్ప